ఇంటి లెక్కలో యుద్ధం

(గోదావరిఖనిలో ఒక ఉపాధ్యాయుని స్మృతిలో చేసిన ఉపన్యాసం పూర్తి పాఠం)



తన పేరు మీద సభలు పెట్టొద్దని సారు ఇంట్లో చెప్పి పోయారట. ఆయన శిష్యులం కదా, సగం మాటే విన్నాం. సభ పెట్టాం, పేరు పెట్టలేదు. బ్యానరు మీద ‘సారు’ అని మాత్రమే ఉంది. ఈ ఊళ్లో ఒక వయసు దాటినవాళ్లకు అది చాలు. అచ్చు ప్రతిలోనూ అదే పద్ధతి పాటించాం.

సారు మాకు సోషల్ చెప్పేవారు. పానిపట్టు యుద్ధాలు మూడూ చెప్పడం అయ్యాక బోర్డు తుడిచి, “కొట్లాడినోళ్ల పేర్లు రాసుకున్నరు. ఆ దండుకు అన్నం వండిందెవరు? ఆ గింజలు ఎవరి గరిసెలకెల్లి వచ్చినయి?” అని అడిగేవారు. పుస్తకంలో లేని ప్రశ్న కాబట్టి మేం తలలు దించుకునేవాళ్లం. 1971 డిసెంబరులో నిజం యుద్ధమే వచ్చింది. అప్పుడాయన తరగతిలో దేశపటం వేలాడదీసి సరిహద్దులు చూపించారు. బెల్లు కొట్టే ముందు ఇంటిపని ఇచ్చారు: “ఈ వారం మీ ఇంట్ల ఏం మారిందో మీ అమ్మను అడిగి రాసుకరాండ్రి.” నాయనను అడగమనలేదు, అమ్మను అడగమన్నారు.

ఇవాళ్టి ఉపన్యాసానికి ఆ ప్రశ్ననే ఎంచుకోవడానికి దగ్గరి కారణం ఒకటుంది. 2025 మే నెలలో హైదరాబాదులో, విశాఖపట్నంలో సైరన్లు మోగించి మాక్ డ్రిల్ చేశారు. టీవీలో చూసిన మా మనవరాలు, “నానమ్మా, నువ్వు చిన్నగున్నప్పుడు యుద్ధమైతే మీరేం చేసిండ్రు?” అని అడిగింది. ‘రేడియో విన్నాం’ అనేసి ఊరుకోవచ్చు. కానీ ఆ రేడియో వింటున్న ఇంట్లో పొయ్యి దగ్గర ఎవరున్నారన్నది అసలు సంగతి.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. 1962, 1965, 1971 యుద్ధాల్లో బొగ్గు బెల్టు దేశానికి ఏమిచ్చిందంటే టన్నుల్లో చెబుతారు, విరాళాల రూపాయల్లో చెబుతారు. ఆ టన్నులు తవ్విన మనిషిని రోజూ బొగ్గు బాయికి పంపిన ఇల్లు, ఆ రూపాయలు పోయిన తర్వాత నెల వెళ్లదీసిన ఇల్లు ఏ పద్దులోకీ ఎక్కలేదు. త్యాగం చేయమన్న పిలుపు ఇంటాయనకు వచ్చింది. ఆ పిలుపును అమల్లో పెట్టింది ఇంటావిడ.

1. ముగ్గురు మగవాళ్లు, మూడు షిఫ్టులు

ముందుగా ఊరి సంగతి. 1871లో జియాలజికల్ సర్వేకు చెందిన విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు ఉన్నట్టు గుర్తించాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వే హక్కులు పొందింది. 1889లో తవ్వకం మొదలైంది. 1920 డిసెంబరులో సింగరేణి కాలరీస్ కంపెనీగా నమోదైంది. 1945లో నిజాం ప్రభుత్వం దాన్ని తన చేతిలోకి తీసుకుంది. ఇల్లందు, కొత్తగూడెం, బెల్లంపల్లి తవ్విన తర్వాతే గోదావరి ఒడ్డుకు వంతు వచ్చింది. 1960ల మొదట్లో ఇక్కడ ఇంక్లైన్లు పడేనాటికి చుట్టూ అడవే. అందుకే ఈ ఊరి మొదటి తరంలో ఈ ఊరివాళ్లు తక్కువ. బెల్లంపల్లి నుంచి బదిలీ మీద వచ్చినవాళ్లు, కరీంనగర్, వరంగల్ పల్లెల నుంచి ఎవుసం కాలిపోయి వచ్చినవాళ్లు, బంధువు ఇంట్లో మూల దొరికితే చాలనుకుని వచ్చినవాళ్లు కలిసి ఊరైంది.

మాదీ అలాంటి ఇల్లే. మా నాయన బెల్లంపల్లి నుంచి వచ్చాడు. మా చిన్నాయన కోల్ ఫిల్లరు, టబ్బుల్లో బొగ్గు నింపే పని. మా మేనమామ కొడుకు, నాకు బావ, పని దొరికేదాకా ఉంటానని వచ్చి, హాలేజీ దగ్గర పని దొరికాక కూడా మా ఇంట్లోనే ఉన్నాడు. ముగ్గురి రిలేలు వేరు. ఒకరు మొదటి షిఫ్టుకు పోయే వారం ఇంకొకరు రెండో షిఫ్టు, మూడో మనిషి రాత్రి షిఫ్టు. మరుసటి వారం అన్నీ తారుమారు. ఒక మనిషి సద్ది పట్టుకుని బయటికి పోతుంటే ఇంకొకరు నల్లటి ముఖంతో లోపలికి వచ్చేవారు. ఒకరు పడుకుంటే పిల్లలం గట్టిగా మాట్లాడకూడదు. మా అమ్మ రోజులో ఎన్నిసార్లు పొయ్యి ముట్టించేదంటే చెప్పలేను, ఎందుకంటే అది ఆరేది కాదు.

ఆ పొయ్యి సంగతి ఇప్పటి పిల్లలకు కొంచెం వివరంగా చెప్పాలి. పచ్చి బొగ్గు ఇంట్లో ముట్టిస్తే పొగకు నిలవలేం, కళ్లు మండుతాయి. అందుకని ముందు వాకిట్లో బొగ్గు కుప్పగా పోసి, అడుగున పిడకలు, చితుకులు పెట్టి ముట్టించేవాళ్లు. మొదట పసుపు పొగ లేస్తుంది, ఆ వాసన బట్టల్లో, జుట్టులో, అన్నంలో కూడా ఉంటుంది. పొగ పలచబడి కుప్ప లోపలి నుంచి ఎర్రబారుతుంటే అమ్మ నీళ్లు చల్లేది. ముందు చల్లితే పొగ మిగిలిపోతుంది, ఆలస్యమైతే బూడిదే దక్కుతుంది. ఆ అదను ఆమెకు వాసనతో తెలిసేది. చల్లారిన బొగ్గును ఏరి, గంపకెత్తి, సిగిడిలో వాడుకునేది. తెల్లవారుజామున ఏ వాడ చూసినా ఇంటింటి ముందూ ఈ కుప్పలే. బాయిలో బొగ్గు తవ్వడానికి మస్టరు ఉంది. వాకిట్లో ఆ బొగ్గును వాడుకునేటట్టు చేయడానికి మస్టరు లేదు.

మా నాయనమ్మకు రెండో ప్రపంచ యుద్ధం బెల్లంపల్లిలో గడిచింది. ఆమెకు హిట్లర్ పేరు తెలియదు. ఆ ఏళ్లను ‘లెవీ కాలం’ అనేది. పుట్టింటి ఊళ్లో కల్లం మీదే వడ్లు కొలుచుకుని పోయేవాళ్లని, చీర కంట్రోలు, కిరసనాయిలు కంట్రోలు అని చెప్పేది. హైదరాబాద్ సంస్థానంలో యుద్ధకాలపు లెవీ వసూళ్లు తర్వాతి తెలంగాణ రైతాంగ పోరాటానికి ఒక కారణమయ్యాయని చరిత్ర చదివినవాళ్లకు తెలుసు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. మా నాయనమ్మ దాకా వచ్చిన యుద్ధం మాత్రం బాంబుల రూపంలో రాలేదు, ఖాళీ గరిసె రూపంలో వచ్చింది.

ఆ యుద్ధకాలంలోనే బ్రిటిష్ ఇండియా బొగ్గు గనుల్లో జరిగిన ఒక సంగతి మనం గుర్తుపెట్టుకోవాలి. ఆడవాళ్లు భూగర్భంలో పనిచేయకూడదన్న నిషేధం 1930ల చివరికల్లా పూర్తిగా అమల్లోకి వచ్చింది. యుద్ధంలో బొగ్గుకు కరువొచ్చేసరికి 1943లో దాన్ని ఎత్తేశారు. వైస్రాయ్ కార్యవర్గంలో కార్మిక శాఖ చూస్తున్న అంబేడ్కర్ 1944 ఫిబ్రవరిలో కేంద్ర శాసనసభలో దీనికి జవాబు చెప్పవలసి వచ్చింది. ఇది అత్యవసరానికి చేసిన తాత్కాలిక ఏర్పాటని, అక్కడి ఆడవాళ్లకు మగవాళ్లతో సమానంగా కూలి ఇస్తున్నామని ఆయన చెప్పారు. 1946లో నిషేధం తిరిగి వచ్చింది, 1952 గనుల చట్టం దాన్ని కొనసాగించింది. నిషేధం మంచిదే కావచ్చు. దేశానికి అవసరం పడ్డప్పుడు ఆడమనిషి లోపలికి దిగవచ్చు, అవసరం తీరాక దిగకూడదు అన్న లెక్క మాత్రం ఆమెను అడిగి వేసింది కాదు. ఆడవాళ్లు మళ్లీ చట్టబద్ధంగా భూగర్భంలో పనిచేయడానికి దారి తెరుచుకున్నది 2019లో.

2. బియ్యం డబ్బాలో రసీదులు

1962 నాటికి నేను బడిలో కొత్త. అక్టోబరు 20న చైనా దాడి మొదలైంది, 26న అత్యవసర పరిస్థితి ప్రకటించారు. నవంబరు 3న ఢిల్లీలో యాజమాన్యాల సంఘాలు, కేంద్ర కార్మిక సంఘాలు కూర్చుని పారిశ్రామిక శాంతి తీర్మానం చేశాయి. అప్పటి కేంద్ర కార్మిక మంత్రి గుల్జారీలాల్ నందా. యుద్ధకాలంలో ఉత్పత్తి ఆగకూడదు, సమ్మెలు వద్దు, లాకౌట్లు వద్దు, అవసరమైతే సెలవు రోజుల్లోనూ పని జరగాలి, జాతీయ రక్షణ నిధికి విరాళాలివ్వాలి అన్నది దాని సారాంశం. తీర్మానం ఢిల్లీలో ఒక్క రోజులో అయిపోయింది. మా ఇంట్లో దాని అమలు చాలా ఆదివారాలు సాగింది.

గని కార్మికుడి ఇంట్లో ప్లేడే, అదే వారం సెలవు, వచ్చిందంటే విశ్రాంతి ఆయన ఒక్కడికే. మా అమ్మకు ఆ రోజు ఉతుకుడు. బాయి బట్టలు వేరే ఉతకాలి, లేకపోతే ఇంటిల్లిపాది బట్టలూ నల్లబడతాయి. వేడినీళ్లలో సోడా వేసి నానబెట్టి, బండ మీద బాది, మూడు నీళ్లు తీసినా నాలుగో నీరూ నల్లగానే వచ్చేది. మనిషికి రెండే జతలు. ప్లేడేకూ డ్యూటీ పడితే ఆ జత ఇంటికి రాదు, వచ్చినా ఆరదు. అప్పుడామె రాత్రిపూట బట్టలుతికి పొయ్యి చుట్టూ తాళ్లు కట్టి ఆరేసేది. అదనపు డ్యూటీకి అదనపు జీతం వచ్చింది, కాదనను. అదనపు ఉతుకుడుకు రాలేదు.

ఆ రోజుల్లో ఊళ్లో సభ జరిగింది. ఆడవాళ్లు వరసగా వెళ్లి రక్షణ నిధికి బంగారం ఇచ్చారు. మా పక్కింటి పెద్దమ్మ చెవి కమ్మలు తీసి పళ్లెంలో వేసింది. ఇంటికొచ్చాక బోసి చెవులకు వేపపుల్లలు పెట్టుకుని నెలల తరబడి అలాగే తిరిగింది, గర్వంగానే తిరిగింది. మా అమ్మ సభకు పోలేదు. “ఎందుకు రాలేవే?” అని పెద్దమ్మ అడిగితే, “పొయ్యి మీద కూరుండె అక్కా” అంది. మా అమ్మ కమ్మలు అప్పటికే కుదువ దుకాణంలో ఉన్నాయి. చిన్నాయన టైఫాయిడ్ నాటి అప్పు. ఆమె దేశానికి ఇవ్వగలిగిన బంగారం ఆ ఇంటి మగవాణ్ణి మళ్లీ బాయిలోకి దించడానికే ఖర్చయిపోయిందన్నమాట. దాన్ని విరాళమని ఎవరూ రాసుకోలేదు.

ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పాలి. యుద్ధమప్పుడు అందరి ఇళ్లలోనూ ఒకే మాట ఉండేదని ఇప్పుడు చెప్పుకుంటాం. అలా లేదు. మా నాయనది ఎర్రజెండా యూనియను. నవంబరు తీర్మానంలో వాళ్ల జాతీయ నాయకత్వమూ ఉంది. అదే నవంబరులో దేశమంతటా కమ్యూనిస్టులను భారత రక్షణ నిబంధనల కింద అరెస్టు చేశారు. పగలు బాయిలో దేశం కోసం బొగ్గు తీస్తున్న మనిషి రాత్రి తలుపు చప్పుడైతే లేచి కూర్చునేవాడు. ఒకరోజు ఆయన యూనియన్ రసీదు పుస్తకం కనిపించలేదు. వెతికి వెతికి విసిగిపోయాడు. బియ్యం డబ్బా అడుగున, గుడ్డలో చుట్టి, బియ్యం కింద ఉంది. అమ్మ ఎవరూ చెప్పకుండానే దాచింది. “బియ్యంల చెయ్యి పెట్టి చూసే పోలీసాయన ఇంకా పుట్టలే” అంది. చదువు రాని మనిషి పత్రికలు చదవలేదు, కానీ ఏ కాగితం ఎప్పుడు ప్రమాదమో ఆమెకు తెలుసు. మమ్మల్ని కూర్చోబెట్టి, బడిలో నాయన జెండా గురించి మాట్లాడొద్దని కూడా ఆమే చెప్పింది. పిల్లలకు గుట్టు నేర్పడం కూడా ఇంటి పనే.

3. సోమవారం పూట

1965లో యుద్ధం కన్నా ముందు మా వాడలోకి ఒక చావు వార్త వచ్చింది. ఆ ఏడాది మే 28న బీహారులోని ధోరీ గనిలో పేలుడు జరిగి 268 మంది పోయారు. ఇవాళ అది జార్ఖండులో ఉంది. మా ఇళ్లలో చాలా రోజులు అదే మాట. బాయికి పంపిన ప్రతి ఆడమనిషీ ఆ గని వాకిట్లో తననే ఊహించుకుంది. మా నాయన టోపీ, బూట్లు తీసుకుంటుంటే అమ్మ ఏదో ఒక పని కల్పించుకుని గుమ్మం దాకా వచ్చేది. సెప్టెంబరులో యుద్ధం వచ్చినప్పుడు, జవాన్ల కోసం ఎదురుచూసే తల్లుల గురించి ఉపన్యాసాలు మొదలయ్యాయి. మా వాడ ఆడవాళ్లు వాటిని తలూపుతూ విన్నారు. వాళ్లకు అర్థం కానిదేం లేదు అందులో.

జై జవాన్, జై కిసాన్ అన్నారు ప్రధాని శాస్త్రిగారు. “మరి మనమెటు పోయినం?” అని మా చిన్నాయన నవ్వేవాడు. ఆ రోజుల్లో రైళ్లు నడిచేది బొగ్గుతో. కాజీపేట నుంచి బల్లార్షా పోయే మన లైను మీదే ఢిల్లీ, మద్రాసుల మధ్య పెద్ద రైళ్లన్నీ పోవాలి. రామగుండం స్టేషన్లో ఒక పక్క బొగ్గు వ్యాగన్లు, ఇంకో పక్క మిలిటరీ స్పెషల్ ఆగి ఉండటం చూసి మేం చేతులూపేవాళ్లం. ఆ జవాన్లూ మన బొగ్గు మీదే పోతున్నారని చిన్నాయనకు గర్వం. నినాదంలో పేరు లేకపోయినా ఇంజన్లో ఉంది కదా అనేవాడు.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. అమెరికా నుంచి పీఎల్ 480 కింద వచ్చే ధాన్యమే చాలా ఇళ్లకు ఆసరా. యుద్ధమయ్యేసరికి అమెరికా ఆ ధాన్యాన్ని కొద్దికొద్దిగా, బిగబట్టి ఇవ్వడం మొదలుపెట్టింది. దేశం ఒకరి చెయ్యి చూసి బతకకూడదని, వారానికి ఒక పూట, సోమవారం రాత్రి, భోజనం మానేయమని శాస్త్రిగారు అడిగారు. హోటళ్లు మూసేశారు. చాలామంది మనస్ఫూర్తిగా పాటించారు. మా ఇంట్లోనూ పాటించాలని నాయన తీర్మానం చేశాడు.

తీర్మానం ఎలా అమలైందో దగ్గరగా చూశాను కాబట్టి చెబుతాను. సోమవారం చిన్నాయనది రాత్రి షిఫ్టు. ఖాళీ కడుపుతో టబ్బులు నింపలేడు కదా, ఆయనకు సద్ది కట్టాలి. బావది రెండో షిఫ్టు, అర్ధరాత్రి అలసి వస్తాడు, ఆయనకు ఇంత ఉంచాలి. మేం చిన్నపిల్లలం, ఆకలికి ఆగలేం. నాయనకు మర్నాడు పొద్దున డ్యూటీ. మొదటి సోమవారం మానేశాడు. రెండోసారి అమ్మే, “బాయిల కండ్లు తిరిగితె ఎవలకు చెప్పుకుందుం” అని పళ్లెం ముందు పెట్టింది. ఇక మిగిలింది ఆమె. సోమవారం రాత్రి మా ఇంట్లో పొయ్యి వెలిగింది, అన్నం ఉడికింది, అందరూ తిన్నారు. ప్రధానమంత్రి మాట దక్కించింది మా అమ్మ ఒక్కతే. యుద్ధం ఆగింది, 1966 జనవరిలో తాష్కెంటులో శాస్త్రిగారు పోయారు. ఆమె సోమవారాలు ఆ తర్వాత కూడా చాలాకాలం సాగాయి. ఎవరైనా అడిగితే “ఒక్కపొద్దు” అనేది. దేవుడి పేరు చెబితే ఎవరూ బలవంతపెట్టరు.

పిల్లల లోకంలో మాత్రం యుద్ధం వేరేగా ఉండేది. కర్రలు తుపాకులు, బొగ్గు పెడ్డలు బాంబులు. బడిలో అమెరికా పాలపొడి కలిపి ఇచ్చేవాళ్లు, ఉప్మా పెట్టేవాళ్లు. పాలపొడి అంగిట్లో అంటుకుంటే నాలుకతో తీసుకుంటూ ‘అమెరికా మనకు దోస్తా, దుష్మనా’ అని వాదించుకునేవాళ్లం. రేషన్‌లో వచ్చిన ఎర్రజొన్న రొట్టె విరిగిపోతుంటే, గోధుమపిండి చేతికి జిగురుగా అంటుతుంటే అమ్మ సతమతమయ్యేది. బియ్యం, తెల్లజొన్న తప్ప ఎరగని చేతులు అవి. ఆ పిండితో ఏం చేయాలో ఎవరూ సభ పెట్టి చెప్పలేదు. వాడలో ఒకామె కనిపెట్టింది ఇంకొకామె నేర్చుకుంది. గోధుమ రవ్వతో సంకటి, ఎర్రజొన్నల గటక, అంబలి. ఒక వంటకాల పుస్తకం ఆ రెండేళ్లలో మా వాడలో తయారైంది, కాగితం మీదికి రాకుండానే పోయింది.

4. విశాఖ నుంచి ఉత్తరం

1971 నాటికి నేను పెద్ద తరగతిలో ఉన్నాను. ఆ అక్టోబరులోనే రామగుండంలో 62.5 మెగావాట్ల కొత్త యూనిట్ మొదలైంది. మన బొగ్గు మన కళ్ల ముందే కరెంటు అవుతోందని ఊరు మురిసిపోయింది. డిసెంబరు 3 సాయంత్రం పాకిస్తాన్ మన వైమానిక స్థావరాల మీద దాడి చేసింది. అప్పట్లో రేడియోకు లైసెన్సు ఉండేది, పోస్టాఫీసులో ఏటా డబ్బు కట్టాలి. మా వాడలో అది ఉన్న ఇళ్లు కొన్నే. అందుకని ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు వచ్చే వేళకు మగవాళ్లంతా చాయ్ హోటల్ ముందు గుమిగూడేవాళ్లు. ఆడవాళ్లకు వార్త తర్వాత అందేది, వడపోసి అందేది. ఓడినట్టు వినిపించిన ముక్క ఇంటిదాకా వచ్చేది కాదు.

వడపోయని వార్త మా చిన్నమ్మ పంపింది. ఆమె భర్తది విశాఖ పోర్టులో పని. ఉత్తరం మీద తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన శరణార్థుల సహాయం కోసం అదనంగా 5 పైసల స్టాంపు ఉంది. ఆ నవంబరు 15 నుంచి ఉత్తరాలకు ఆ స్టాంపు తప్పనిసరి చేశారు. లోపల చిన్నమ్మ మాటలు. పొద్దుగూకితే దీపం బయటికి కనిపించకూడదట, కిటికీలకు నల్ల కాగితాలు అతికించారట, లాంతరు మంచం కింద పెట్టుకుని అన్నాలు తింటున్నారట. 3వ తేదీ అర్ధరాత్రి దాటాక సముద్రం వైపు పెద్ద చప్పుడై కిటికీలు అదిరాయట. అది పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ పేలి మునిగిన చప్పుడని తర్వాత అందరికీ తెలిసింది. చిన్నమ్మ ఉత్తరంలో ఆ పేరు లేదు. “చంటిదానికి ఎక్కిళ్లు పట్టినయి, ఆ చప్పుడుకు” అని ఉంది.

ఉత్తరం నేను చదివి వినిపించాను. అమ్మ వినీ వినీ లేచి వాకిట్లోకి పోయింది. నేనూ వెనకే పోయాను. తెల్లారి షిఫ్టు కోసం ఆ వేళకే ఇంటింటి ముందూ బొగ్గు కుప్పలు రగులుతున్నాయి. వాడ పొడవునా ఎర్రటి చుక్కలు. కిటికీకి కాగితం అతికించవచ్చు, ఈ మంటలకేం కప్పుతాం? పై నుంచి విమానం చూస్తే మేం ఎక్కడున్నామో వేలు పెట్టి చూపించినట్టే ఉంటుంది కదా అనిపించింది నాకు. అమ్మను అడిగాను. “ఆర్పితె పొద్దుగాల సద్ది ఎట్ల కడ్తరే?” అంది. భయపడలేదని కాదు. ఏది ముందో ఆమెకు నిర్ణయమైపోయింది.

సారు ఇచ్చిన ఇంటిపనిలో ఈ ముక్కే రాశాను. మర్నాడు ఆయన అందరి నోటుపుస్తకాలూ పైకి చదివారు. ఒకరింట్లో కిరసనాయిలు కొలత తగ్గింది. ఒకమ్మాయి అక్క పెండ్లి సంక్రాంతి తర్వాతికి పోయింది. ఒకబ్బాయి ఇంట్లో కొత్త చద్దరు కొని, దాన్ని శరణార్థులకని ఇచ్చేసి, పాతదాన్నే మళ్లీ కుట్టుకున్నారు. కాగజ్‌నగర్ నుంచి వచ్చి చేరిన ఒకబ్బాయి ఈస్గాం బెంగాలీ క్యాంపుల గురించి రాశాడు. తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కుటుంబాలకు 1960ల్లో అక్కడ నివాసాలు ఇచ్చారు. వాళ్ల చుట్టాలు ఇప్పుడు ఆ కోటి మంది శరణార్థుల్లో ఉన్నారు, వాళ్లమ్మ దగ్గరికి ఒక బెంగాలీ ఆమె ఏడ్చుకుంటూ వచ్చిందని రాశాడు. భాష రాకపోయినా ఇద్దరూ గుమ్మంలో కూర్చున్నారట. గోదావరికి అవతల అంత దగ్గరలో యుద్ధపు మనుషులున్నారని మాకు ఆ రోజే తెలిసింది.

ఒక కుర్రాడు ఒక్క వాక్యం రాశాడు: “మా ఇంట్ల ఏం మారలే సార్. మా అమ్మ ఎప్పటిలెక్కనే ముందుగాల లేస్తది, ఆఖరుకు తింటది.” వెనక బెంచీల్లో నవ్వారు. సారు నవ్వలేదు, ఆ వాక్యాన్ని బోర్డు మీద రాయించారు. డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ తూర్పు సేన లొంగిపోయింది, మొత్తం 93,000 మంది బందీలయ్యారు. ఊళ్లో స్వీట్లు పంచారు. ఆ కుర్రాడి ఇంట్లో మర్నాడూ అదే వేళకు పొయ్యి ముట్టించి ఉంటారు.

5. లెక్క ఎలా రాయాలి

ఆ కుర్రాడి వాక్యాన్ని ఇన్నేళ్లూ మోస్తూ నేను ఒక అభిప్రాయానికి వచ్చాను. మిగతా దేశానికి అత్యవసర పరిస్థితి అంటే నిద్ర చెడటం, తిండి తగ్గించుకోవడం, మనిషి తిరిగొస్తాడో రాడోనని ఎదురుచూడటం. గని కార్మికుల ఇళ్లలో ఆ అలవాట్లు యుద్ధం రాకముందే ఉన్నాయి. అందుకే యుద్ధం అడిగిన అదనపు పని అంత సులువుగా, చప్పుడు లేకుండా ఆ ఇళ్ల మీద పడింది. చప్పుడు కాలేదు కాబట్టి భారం లేదని పైవాళ్లు అనుకున్నారు. మా అమ్మ కూడా ఏనాడూ దాన్ని త్యాగమనలేదు. ఆమె అనలేదు కాబట్టి మనమూ అనకూడదన్న నియమం ఏమీ లేదు.

గుర్తింపు ఆలస్యం కావడం మన ఒక్కరి సంగతీ కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌కు బొగ్గు చాలకపోతే, 1943 చివరి నుంచి సైన్యానికి పిలిచిన కుర్రాళ్లలో పదింట ఒకరిని చీటీ తీసి గనులకు పంపారు. వాళ్లకు బెవిన్ బాయ్స్ అని పేరు. యూనిఫారం లేదు కాబట్టి వీధిలో వాళ్లను పిరికివాళ్లని ఎగతాళి చేసినవాళ్లూ ఉన్నారు. వాళ్లకు ప్రభుత్వం బ్యాడ్జీలు ఇచ్చింది 2008లో. అప్పటికి చాలామంది లేరు. గనిలో దిగినవాళ్లకే అరవై ఏళ్లు పట్టింది. వాళ్లకు వండిపెట్టినవాళ్లకు ఏ బ్యాడ్జీ ఉందో నేనెక్కడా చదవలేదు.

మన దగ్గర లెక్కలు ఎలా ప్రచారమవుతాయో కూడా చూడండి. 1965లో ఏడో నిజాం 5,000 కిలోల బంగారం దేశానికి దానమిచ్చాడని ఇప్పటికీ ఫోన్లలో తిరుగుతుంది. దాని సంగతి సమాచార హక్కు చట్టం కింద అడిగితే, అలాంటి దానం తమ రికార్డుల్లో లేదని ప్రభుత్వం నుంచి జవాబు వచ్చింది. ఆయన పెట్టింది 425 కిలోలు, అదీ ఆరున్నర శాతం వడ్డీ వచ్చే బంగారు బాండ్లలో. అది తప్పేమీ కాదు, పెట్టుబడిగా దేశానికి ఉపయోగపడింది. వడ్డీ వచ్చే బంగారం దానంగా కథైంది. మా పక్కింటి పెద్దమ్మ తిరిగి అడగకుండా ఇచ్చేసిన కమ్మలకు ఈ వాడ దాటి కథ లేదు. పెద్దవాళ్ల కథలు వాటంతటవే పెరుగుతాయి. చిన్నవాళ్ల కథలు ఎవరో ఒకరు కూర్చుని రాస్తేనే ఉంటాయి.

అందుకని ఈ సభ ముందు మూడు పనులు పెడుతున్నాను.

మొదటిది బడి పిల్లల పని. మన హైస్కూళ్లలో ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు తమ ఇంట్లోనో, పక్కింట్లోనో ఉన్న ముసలమ్మ దగ్గర కూర్చుని నాలుగు ప్రశ్నలు అడగాలి. పొద్దున ఎవరు ముందు లేచేవారు, రాత్రి ఎవరు ఆఖరున తినేవారు, కష్టం వచ్చినప్పుడు ఇంట్లోంచి మొదట ఏది కుదువకు పోయేది, అది తిరిగి వచ్చిందా లేదా. ‘యుద్ధం గురించి చెప్పు’ అంటే ఏ ముసలమ్మా చెప్పదు, నాకేం తెలుసు బిడ్డా అంటుంది. కమ్మల గురించి అడిగితే సంవత్సరంతో సహా చెబుతుంది.

రెండోది కార్మిక సంఘాల పని. మీ ఆఫీసుల్లో పాత మినిట్స్ పుస్తకాలు, వేతన ఒప్పందాల ఫైళ్లు ఉన్నాయి. వాటిలో ప్లేడే డ్యూటీలు, విరాళాల కోతలు ఏ నెలలో ఎంత పడ్డాయో వెతికి తీయండి. ఇంటి జ్ఞాపకాన్ని ఆ కాగితం పక్కన పెడితేనే చరిత్ర అవుతుంది. ఒక్క జ్ఞాపకమే అయితే దాన్ని కథ అని పక్కన పెట్టేస్తారు. ఒక్క కాగితమే అయితే అందులో మా అమ్మ ఉండదు.

మూడోది రాసేవాళ్ల పని. బొగ్గు బాయి మీద మనకు కథలున్నాయి, పాటలున్నాయి, సమ్మెల చరిత్ర ఉంది. వాటిలో ఆడవాళ్లు ఎక్కువగా మొగుడు పోయిన భార్యలుగానో, ఊరేగింపులో ముందు నడిచిన వీరవనితలుగానో కనిపిస్తారు. మామూలు మంగళవారం నాడు మూడు షిఫ్టులకు సద్ది కట్టిన మనిషిగా కనిపించడం తక్కువ. ఆ మంగళవారాన్ని రాయండి. అందులో ఎక్కడ ఎంత బొగ్గు, ఎంత నీరు, ఎంత బియ్యం, ఎంత నిద్ర పట్టిందో కొలత తప్పకుండా రాయండి. మెచ్చుకోలు తక్కువైనా ఫరవాలేదు.

1962లో ఇరవై ఏళ్ల కోడలిగా ఈ ఊరికి వచ్చిన మనిషికి ఇప్పుడు ఎనభై దాటింది. ఈ పని వచ్చే సంవత్సరానికి వాయిదా వేసేది కాదు. పని పంచుకోవడానికి గుమ్మం దగ్గర రిజిస్టరు పెట్టించాను. పోయేటప్పుడు మీ పేరు, వాడ పేరు, మీరు ఎవరి దగ్గరికి పోయి అడగగలరో ఆ వరస మాత్రం రాయండి: అమ్మా, అత్తా, పెద్దమ్మా, పక్కింటి ఆమే. మొదటి పేజీలో మొదటి గీత నాది. మా వాడ నేను తీసుకున్నాను, మిగతా వాడలు ఖాళీగా ఉన్నాయి.